కడలమ్మ గంగాళం

నాలుగో దిమ్మ ఆరోగ్య చిట్టా. రాస్తున్నది డాక్టర్ మందాకిని. చదివేవాళ్ళు ఉంటే వాళ్ళకి నమస్కారం.

1. రోహిణి కార్తె

పొద్దున్నే సౌరపలకల మీద పేరుకున్న ఉప్పు గీకాను. అది నా పని కాదు. గీకే సూరయ్యకి నడుము పట్టేసింది. ఆ నడుముకి విశ్రాంతి కావాలని రాసిచ్చింది నేనే కాబట్టి పలకలు నా మెడకే చుట్టుకున్నాయి.

ఒకప్పుడు ఈ ఇనప దిమ్మల మీద నుంచి సముద్రం అడుగున గ్యాస్ తోడేవారట. కోనసీమ మునిగాక మనుషులు వీటి మీదకి ఎక్కారు. మొత్తం ఏడు దిమ్మలు, మాది నాలుగోది. ముసలివాళ్ళు సాయంత్రాలు రెయిలింగు మీద వాలి, పడమటి నీళ్ళలోకి చెయ్యి చూపించి, అదుగో మా ఊరు అంటారు. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. అయినా అవునండీ అంటాను.

తర్వాత గంగాళం దగ్గరికి వెళ్ళాను. వరస అప్పటికే మెట్ల దాకా ఉంది, ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలో. నల్లవాంతి రోగం వచ్చిన దగ్గర్నుంచీ తాగునీళ్ళలో మందు కలపక తప్పడం లేదు. ఆ మందు రోగాన్నీ చంపుతుంది, కడుపులో అన్నం అరిగించే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. అందుకని రోజూ పొద్దున్నే వాటిని మళ్ళీ లోపల వేసుకోవాలి. గంగాళంలో ఉన్నది తరవాణి, అంటే పులిసిన గంజినీళ్ళే. అందులో పెరిగేవి మాత్రం కడలమ్మ కడుపులోంచి వచ్చినవి. వాటిని ఎలా తీస్తామో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు, గ్లాసెత్తి గటగటా తాగేస్తారు.

కడలమ్మ కుళాయి పక్కనే పీట మీద కూర్చుని ఉంటుంది. డెబ్భైకి దగ్గరపడింది. నలభై ఏళ్ళ కిందట తుఫానులో కొట్టుకొచ్చిన మనిషి. ఊరూ పేరూ ఏమీ గుర్తులేవంది. కడలి ఇచ్చింది కదా అని కడలమ్మ అన్నారు. ఎక్కువ మాట్లాడదు. దండం పెట్టిన వాళ్ళకి తల ఊపుతుంది.

మధ్యాహ్నం ఆడవాళ్ళకి రొమ్ము పరీక్షలు. ఈ ఎండాకాలంలో ఇప్పటికే ఇద్దరికి గడ్డలు దొరికాయి. ఇద్దరూ నలభై దాటని వాళ్ళే. చివర్లో నా చెల్లెలు నీలవేణి వచ్చింది. బడిలో పంతులమ్మ. బల్ల మీద పడుకుని కూడా బడి గురించే చెబుతోంది. ఎవరో పిల్లవాడు కోనసీమని పటంలో నీలం రంగు వేసి తెచ్చాడట, తప్పనాలో ఒప్పనాలో తెలియలేదట. నేను నవ్వాను. నవ్వుతుండగానే ఎడమవైపు చంక దగ్గర నా వేలికి తగిలింది.

"ఏంటక్కా, చెయ్యి అక్కడే ఆగిపోయింది?"

"చేతులు చల్లగా ఉన్నాయి, వెచ్చబెట్టుకుంటున్నాను."

"అబద్ధాలాడటం నీకు చిన్నప్పట్నించీ చేతకాదు," అంది జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ.

2. మృగశిర కార్తె

వాన మొదలైంది. నీలవేణిని పెద్ద దిమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళి గడ్డ తీయించాను. క్యాన్సరే. ఈస్ట్రోజెన్ మేత మీద పెరిగే రకం అన్నాడు సర్జను. ఆ హార్మోనుని అణిచే మాత్రలు ఇచ్చాడు. ఒంట్లో దాని మట్టం తగ్గకపోతే మళ్ళీ వస్తుందని నాకు విడిగా చెప్పాడు. నాకు తెలియదనుకున్నాడు కాబోలు.

తిరుగు పడవలో చెల్లెలు నా భుజం మీద పడుకుంది. మా అమ్మ పోయేటప్పుడు దీన్ని నాకు అప్పగించి పోయింది. అప్పటికి దీనికి పద్నాలుగేళ్ళు. నాకు పిల్లల్లేరు, దీని తర్వాతే ఎవరైనా. ఇది పోతే నేను ఈ ఉప్పు గీకడం ఎందుకో నాకే తెలియదు. చిట్టాలో ఇలాంటివి రాయకూడదని నియమం. నియమం పెట్టినవాళ్ళు వచ్చి కొట్టేసుకోవచ్చు.

3. ఆరుద్ర కార్తె

నీలవేణి మాత్రలు గడియారం చూసి వేసుకుంటుంది. అన్నం ముందు గ్లాసు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగే మనిషి. మందు మరిచిపోయే రకం కాదు. అయినా రక్తంలో హార్మోను తగ్గలేదు. గడ్డలొచ్చిన మిగతా ఇద్దరికీ అంతే. ముందు నా పరీక్షే తప్పనుకుని మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది.

మిగతా దిమ్మల వాళ్ళని అడిగాను. అక్కడా గడ్డలు లేకపోలేదు, కానీ మాలా కాదు. అందరికంటే తక్కువ రెండో దిమ్మలో. అక్కడి డాక్టరు రూతు పెద్ద దిమ్మ కాలేజీలో నాతో చదివింది. చదువుకునే రోజుల్లో నా నోట్సు చూసి రాసి నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునేది. ఆ కోపం నాకు ఇంకా ఉంది. పడవ ఎక్కి వెళ్ళాను.

రెండో దిమ్మలో గంగాళం లేదు. ఇంటింటికీ ఒక కుండ, ఎవరి తరవాణి వాళ్ళదే. పైగా వాళ్ళకో పద్ధతి ఉంది. పెళ్ళయి వచ్చే పిల్ల పుట్టింటి కుండలోంచి ఒక చెంబుడు తెచ్చి అత్తింటి కుండలో పోస్తుంది. పొయ్యకపోతే పెళ్ళి పూర్తయినట్టు కాదు.

"మా అమ్మది మా అత్త కుండలో పోసిన రోజు మా ఆడపడుచులు ముగ్గురూ ముక్కులు మూసుకున్నారే," అంది రూతు. "ఇప్పుడు అదే కుండ కోసం కొట్టుకు చస్తన్నారు. మాకు పంతాలెక్కువ, కుండలెక్కువ."

"ఒక్కో కుండలోదీ కొంచెం కొంచెం ఇవ్వు. పరీక్ష చేసుకుంటాను."

"ఇత్తాను గానీ, మీ దిమ్మోళ్ళు మాది ముట్టుకుంటారా?"

నేను పరీక్షకే అన్నాను. రూతు గరిటె తీసింది.

4. పునర్వసు కార్తె

తెలిసింది. రాసుకుంటే నాకూ తేటపడుతుంది.

వాడేసిన ఈస్ట్రోజెన్‌ని కాలేయం మూటకట్టి పేగుల్లోకి తోస్తుంది, బయటికి పోవడానికి. కొన్ని రకాల సూక్ష్మజీవులకి ఆ మూట విప్పడం అలవాటు. విప్పిన హార్మోను బయటికి పోకుండా పేగు గోడ దాటి మళ్ళీ రక్తంలో కలుస్తుంది. పేగుల్లో నానారకాలూ ఉంటే ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి, మూటలు విప్పేవి కొద్దిగానే ఉంటాయి. రూతు ఇచ్చిన కుండలు అలాగే ఉన్నాయి. మా గంగాళంలో రకాలు సగానికి సగం కూడా లేవు. ఉన్నవాటిలో మూటలు విప్పేవే ఎక్కువ. నలభై ఏళ్ళుగా ఒకే మనిషివి, ఒకే గంజి మీద, అదే మందునీళ్ళకి తట్టుకుంటూ బతికాయి. తట్టుకోలేనివి ఒక్కొక్కటే పోయాయి. ఆకుకూరలు కూడా కరువైన చోట మిగతా రకాలకి తిండి మాత్రం ఎక్కడుంది.

గడ్డ ఒక్క కారణంతో రాదు. వయసు, వంశం, తిండి, అన్నీ కలుస్తాయి. ఇదొక్కటే అని నేను అనను. కానీ నీలవేణి ఒక చేత్తో మాత్ర వేసుకుని, ఇంకో చేత్తో గంగాళంలోది తాగుతోంది. పొద్దున్న వేసుకున్న తాళం పొద్దున్నే తీసేస్తోంది.

కష్టమేంటంటే ఈ గంగాళం మా దిమ్మ చేసిన మంచి పనుల్లోకెల్లా మంచిది. అంతకుముందు ఇక్కడా ఇంటింటికీ కుండ ఉండేది. ఏ కులం వాళ్ళు ఆ కులం కుండలోదే తాగేవారు. కుండ పాడైన ఇంటివాళ్ళు పక్కింటికి వెళ్ళేవారు కాదు. నా తర్వాత పుట్టిన తమ్ముడు అలాగే పోయాడు. పక్కింట్లో తరవాణి ఉంది, మా నాయనమ్మ తెచ్చుకోనివ్వలేదు. మా అమ్మ ఈ దిమ్మకి నర్సు. నర్సు కొడుకే అలా పోయాడు. ఆ మరుసటేడు కడలమ్మ దొరికింది. ఎవరో తెలియదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. అందరూ ఆవిడ కడుపులోదే తాగారు. పిల్లలు బతికారు.

5. పుష్యమి కార్తె

రూతు దగ్గర్నుంచి మూత బిగించిన క్యానులో తరవాణి తెచ్చి నీలవేణి వంటింట్లో పెట్టాను. సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. బళ్ళో పిల్లల్లాగా ప్రశ్నలు కూడా వేసింది. తర్వాత క్యాను వైపు చూసింది.

"ఇది ఎవరిదక్కా?"

"రెండో దిమ్మది."

"అది తెలుసు. ఎవరిది?"

"రూతు వాళ్ళ అత్తగారిది, సంతోషమ్మది."

నీలవేణి చేతులు కడుక్కుంది. క్యాను ఇంకా ముట్టుకోనేలేదు.

"నాకొద్దు."

"మళ్ళీ వస్తుందే. ఈసారి ఎక్కడ వస్తుందో చెప్పలేను."

"వస్తే రానీ. రూతు అంటే నాకేం కోపం లేదక్కా. మొన్న ఇంటికొస్తే కాఫీ కూడా ఇచ్చాను."

"ఏ గ్లాసులో ఇచ్చావో చూశాను."

నీలవేణి కళ్ళ నిండా నీళ్ళు. "నేను చెడ్డదాన్నని నాకు తెలుసు. ఏం చెయ్యను, లోపలికి కదా. బయట తగిలితే కడుక్కుంటాం. కడుపులోకి పోయాక ఎలా కడుక్కోవాలి?"

నాకు చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. కుట్లు ఇంకా పూర్తిగా మానలేదు. క్యాను తెచ్చేసుకుని నేనే ఒక గ్లాసు తాగాను. మా దానికంటే పులుపు.

6. ఆశ్లేష కార్తె

మా దిమ్మకి పెద్ద అయిన దొరబాబు గారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషే. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు ఆయనే ఉంటాడు. గంగాళంలో మిగతా దిమ్మల కుండలు కలపాలి, కొంతమందికి కాదు, అందరికీ అన్నాను. నా చెల్లెలు ఒక్కతే కాదు, ఇంకా పరీక్షకి రాని ఆడవాళ్ళు ఉన్నారన్నాను.

"డాక్టర్ గారండి, మీరు సెప్పింది నాకు అర్థమైందండి. కానీ ఆళ్ళ కుండ, ఈళ్ళ కుండ అని మొదలెడితే మళ్ళీ పాత రోజులొచ్చేత్తాయండి. మన దిమ్మ మీద కులం లేదు. ఎందుకు లేదండి? కడలమ్మ ఎవరో మనకి తెలీదు కాబట్టి."

"కులం లేనప్పుడు రెండో దిమ్మది తాగడానికి ఏంటండీ?"

"ఆళ్ళు ఎవరో తెలుసు కదండీ."

ఆయన వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అంటున్నాడు. గుమ్మం దాకా సాగనంపుతూ ఇంకో మాట కూడా అన్నాడు. "కడలమ్మలాగా ఎవరో తెలియని మనిషి ఇంకొకరు దొరికితే మట్టుకు తప్పకుండా కలుపుదామండి. నేనే దగ్గరుండి కలిపిత్తాను."

ఇంటికొచ్చి పడుకున్నాను. లేవబుద్ధి కాలేదు. పలకల మీద ఉప్పు అలాగే ఉంది.

7. మఖ కార్తె

నీలవేణికి కుడివైపు ఇంకో చిన్న గడ్డ కనిపించింది. గింజంత. సర్జను ఇప్పుడే కొయ్యనన్నాడు. హార్మోను దింపి చూడమన్నాడు, దింపకుండా ఎన్నిసార్లు కోసినా లాభం లేదన్నాడు. చెల్లెలికి చెప్పాను. "బడి సెలవులయ్యాక చూద్దాం" అంది. ఏం చూస్తుందో.

కడలమ్మకి చెప్పకుండా ఇంతకాలం దాటేశాను. ఇవాళ గంగాళం కడిగే వేళకి ఆవిడే పట్టుకుంది.

"నీళ్ళు బాలేవంటున్నారంట. నా మూలంగానా అమ్మా?"

"మీ మూలంగా కాదండీ. మీరిచ్చినప్పుడు బాగానే ఉన్నాయి. నలభై ఏళ్ళు కొత్తది కలపకుండా తాగింది మేము."

"మీ చెల్లి రొమ్ములో వచ్చింది దీనివల్లేనా?"

"దీనివల్ల కూడా."

కుళాయిని ఒకసారి తడిమింది. ఆవిడ అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "వేరేవాళ్ళది కలిపితే నయమవుద్దా?"

"తప్పకుండా అని చెప్పలేనండీ. నాకు కనపడే దారి అదొక్కటే."

"దొరబాబు ఏమంటాడు?"

ఆయన అన్నది చెప్పాను. ఎవరో తెలియని మనిషి దొరికితే కలుపుతాడట అన్నాను. కడలమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"సభ పెట్టమను. నేనూ వస్తాను."

8. పుబ్బ కార్తె

సభ పై అంతస్తులో, ఒకప్పుడు హెలికాప్టర్లు దిగిన చోట. గాలి ఎక్కువ, ఎవరి మాటా ఎవరికీ సరిగ్గా వినపడదు. దొరబాబు గారు ముందు నన్ను పొగిడి, తర్వాత కాదన్నారు. జనం తల ఊపారు. ఒకావిడ, మూడోసారి గర్భంతో ఉన్నావిడ, లేచి, కడలమ్మ నీళ్ళని తప్పు పట్టడానికి నోరెలా వచ్చిందని నన్నే అడిగింది. ఆవిడకి పోయిన నెల నేనే మందులిచ్చాను. నీలవేణి వెనక వరసలో చీర కొంగు కప్పుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

అప్పుడు కడలమ్మ లేచింది. గాలికి తూలుతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. బొడ్లోంచి గుడ్డ మూట తీసి, దొరబాబు గారి ముందున్న బల్ల మీద విప్పింది. అందులో నల్లబడిన పసుపుతాడు, రెండు పుస్తెలు.

"ఇవి నావి," అంది.

మునిగిన ఊళ్ళలో ఒక్కో కులం పుస్తెలు ఒక్కో తీరుగా ఉండేవి. అంచు ఒక తీరు, మీద చెక్కిన గుర్తు ఒక తీరు. అరవై దాటిన వాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది. ముందు వరసలో కూర్చున్న ముసలావిడ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుసగుస ఆవిడ నుంచి పక్కావిడకి, అక్కణ్ణించి వెనక్కి పాకింది. దొరబాబు గారు పుస్తెల్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అది కడలమ్మ చూసింది, నేనూ చూశాను.

"ఏంటవి? ఏమైంది?" అని కుర్రవాళ్ళు అడుగుతున్నారు.

"నాకు అన్నీ గుర్తే," అంది కడలమ్మ. "ఊరు గుర్తే, పేరు గుర్తే. మా ఆయన పడవలోంచి పడిపోయింది గుర్తే. చెబితే మీరు తాగరు, తాగకపోతే పిల్లలు బతకరు. అందుకని చెప్పలేదు. నోరు జారుతుందేమోనని మాట్లాడటమే తగ్గించేశాను. నలభై ఏళ్ళు నా కడుపు తాగారు. ఎవరి కులమూ పోలేదు. ఇప్పుడు పక్కింటివాళ్ళది తాగితే పోద్దా?"

ఆవిడ ఎవరో నేనిక్కడ రాయను. చదివేవాళ్ళకి తెలుసుకోవాలనిపిస్తే ఎందుకనిపిస్తోందో ఒకసారి చూసుకోండి.

9. అదే కార్తె, నాలుగు రోజుల తర్వాత

గంగాళం దగ్గరికి ఎవరూ రావడం లేదు. వస్తే ఎవరు చూస్తారో అని ఒకరికొకరు భయం. కడలమ్మ మాత్రం పీట మీద కూర్చుంటోంది. నేను కుళాయి తిప్పి ఒక గ్లాసు తాగుతాను. ఆవిడ తాగుతుంది. మిగిలింది మరీ పులిసిపోతే పారబోస్తున్నాను.

నిన్న ఒక ముసలాయన మా గది ముందు వాంతి చేసుకున్నాడు. గంగాళంలోది తాగినంతకాలం మైలపడ్డాడట, కక్కేస్తే పోతుందని ఉప్పునీళ్ళు తాగాడు. నలభై ఏళ్ళు తాగింది ఎక్కడని కక్కుతావు తాతా అన్నాను. ఆయన ఏడ్చాడు. సెలైను పెట్టాను.

పిల్లలకి విరేచనాలు మొదలయ్యాయి. మందునీళ్ళు మానరు కదా. నాకు ఈ మనుషులంటే విసుగొచ్చేసింది. ఇది కూడా చిట్టాలో రాయకూడదు.

ఇవాళ పొద్దున కొందరు తల్లులు వచ్చారు. గ్లాసుల్ని కొంగుల కింద దాచుకుని వచ్చి, పిల్లలకి పట్టించి వెళ్ళారు. కడలమ్మకి దండం పెట్టలేదు. ఆవిడ మాత్రం మామూలుగానే తల ఊపింది.

10. ఉత్తర కార్తె

నీలవేణి వచ్చింది. ఎండ బాగా ఎక్కాక, వరసలో మనిషి లేని వేళ చూసుకుని వచ్చింది. చిక్కిపోయింది. చేతిలో గ్లాసు లేదు. కడలమ్మ పీట ముందు నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. నేను ఫిల్టరు కడుగుతూ అక్కడే ఉన్నాను.

"మా అమ్మకి తెలుసా?" అంది.

కడలమ్మ దాని మొహంలోకి చూసింది.

"నన్ను నీళ్ళలోంచి లాగింది మీ అమ్మే కదమ్మా. ఒళ్ళు తుడుస్తుంటే మెడలో ఇవి కనపడ్డాయి. చూసింది. చూసి, తన చేత్తోనే తాడు తెంపింది. మా ఆయన పోయాడని నాకు అప్పటికి నమ్మకం కూడా లేదు. వద్దన్నాను. మీ అమ్మ నా కాళ్ళు పట్టుకుంది. 'నా కొడుకు పోయాడు. దీన్నయినా బతికించుకోనియ్. ఎవరడిగినా ఏమీ గుర్తులేదని చెప్పు' అంది. దీన్ని అంటే నిన్నే. చంకలో ఉన్నావు నువ్వు, ఎముకలు తేలిపోయి."

ఫిల్టరు కింద పెట్టేశాను. అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. పోయే ముందు కూడా చెప్పలేదు.

"అంతా చూస్తుండగా మొదటి గ్లాసు మీ అమ్మ తాగింది," అంది కడలమ్మ. "రెండోది నీ నోట్లో పోసింది. కక్కుతావేమోనని మూతి మూసి పట్టుకుంది."

నీలవేణి నేల మీద కూర్చుంది. తల కడలమ్మ మోకాళ్ళకి ఆనించింది. ఏడవలేదు. అలా ఎంతసేపు ఉందో, కడలమ్మ దాని జుట్టు సర్దుతూనే ఉంది. తర్వాత అది లేచి నా వైపు తిరిగింది.

"ఆ సంతోషమ్మ గారిది ఇంకా ఉందా అక్కా?"

నా దగ్గర ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని నేను గంజి పోసి పెంచుతూనే ఉన్నాను, ఎందుకో అడిగితే చెప్పలేను. గ్లాసు లేదంటే కడలమ్మ తన గ్లాసు ఇచ్చింది. నీలవేణి దాన్ని కడగలేదు. మొదటి గుక్కకి మొహం చిట్లించింది.

"పులుపు," అంది.

"తాగు," అన్నాను.

11. స్వాతి కార్తె

మిగతా దిమ్మల కుండలు గంగాళంలో కలపడం మొదలై చాలా రోజులైంది. దొరబాబు గారు ముందు ఒప్పుకోలేదు, తర్వాత కాదనలేదు. ఒకరోజు చూస్తే వరసలో ఉన్నారు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళవాళ్ళు రారు. వాళ్ళు మూడో దిమ్మకి వెళ్ళిపోతారట. అక్కడ ఎవరి కుండ వాళ్ళదేనట. వెళ్ళేవాళ్ళకి పరీక్షల కాగితాలు రాసిచ్చాను, ఆడవాళ్ళని ఏడాదికోసారి చూపించుకోమన్నాను. రూతు ఒకరోజు వచ్చి గంగాళం చూసి, ఇంత పెద్ద కుండకి ఎంతమంది కోడళ్ళు కావాలే అంది.

నీలవేణి రక్తంలో హార్మోను దిగుతోంది, నెమ్మదిగా. కుడివైపు గింజ తగ్గిందని రాయాలని ఉంది. తగ్గలేదు. పెరగనూ లేదు. మళ్ళీ స్కాను తీసేదాకా అంతకంటే చెప్పలేను. గర్భంతో నన్ను తిట్టినావిడకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి మొదటి చుక్క కడలమ్మే పట్టింది.

ఇవాళ ఆరో దిమ్మ నుంచి కొత్త కుండ వచ్చింది. నీలవేణి బడి నుంచి వస్తూ ఆగి, "ఇది ఎవరిదక్కా?" అంది. మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాను. తీరా చూస్తే చేతిలో రంగు డబ్బా, కుంచె ఉన్నాయి. పేర్లు రాయడానికట. సంతోషమ్మది అప్పుడే రాసేసింది, బడిలో పలక మీద రాసినట్టు గుండ్రంగా.

కొత్త కుండకి పేరు రాశాక గంగాళం దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా దాని మీద పేరు లేదు. కుంచె ముంచి పీట వైపు వంగింది.

"మీ అసలు పేరేంటమ్మా?"

కడలమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"నూకరత్నం," అంది.